టైలరమ్మకు నచ్చని సినిమా

"ప్రకటనలు వచ్చేదాకా ఆగండి" అంది టైలరమ్మ, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ వైపు చూడకుండానే.

ఆవిడ ఆగింది.

గోడ మీది టీవీలో సీరియల్ కోడలు మెట్ల మీంచి పడబోతోంది. ఆ పడడం నిన్నటి నుంచీ సాగుతోంది.

ప్రకటనలు వచ్చాక టైలరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"ఇప్పుడు చెప్పండి. ఏం కుట్టాలి?"

ఆవిడ చెప్పలేదు. సంచీలోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసి చూపించింది.

'మెడ పూర్తిగా కప్పేలా కాలర్లు. నాలుగు చొక్కాలకు.'

కొలత తీసుకోబోతూ టైలరమ్మ ఆమె మెడకున్న స్కార్ఫు కొంచెం జరిపింది. గొంతు కింద చిన్న రంధ్రం. ఊపిరి అక్కణ్ణుంచే వచ్చిపోతోంది.

"ఆపరేషనా?"

ఆవిడ తలూపింది.

"అయ్యో. కూర్చోండి ముందు."

చొక్కాలు వారంలో అయిపోయాయి. ఆవిడ రావడం మాత్రం మానలేదు. రోజూ మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చునేది. ఊరికే కూర్చోలేక నాలుగు గుండీలు కుట్టిపెట్టేది.

టైలరమ్మకు కొత్త చెవులు దొరికాయి. పాత చెవులు ఆమె ఆడపడుచువి. కాజాలు కుడుతూ ఆ మాటలు వినీ వినీ అవి అరిగిపోయాయి.

"ఈ సీరియళ్ళలో వంటింట్లో ఎవరూ వంట చెయ్యరు, గమనించారా? చాటుగా నిలబడి మాటలు వింటారు. మతిమరుపు వచ్చిన మొగుడికి పెళ్ళాం మొహం గుర్తుండదు గానీ, కారు నడపడం మాత్రం భేషుగ్గా గుర్తుంటుంది."

ఆవిడ భుజాలు కదిలేలా నవ్వేది. చప్పుడు ఉండేది కాదు.

"పాపం, ఎదురు చెప్పలేరని ఆవిణ్ణి వాయించేస్తున్నావు వదినా" అనేది ఆడపడుచు.

"నువ్వు కాజాలు చూసుకో."

సినిమాల దగ్గరికొస్తే టైలరమ్మకు ఒక్క హీరోయినే హీరోయిన్. తక్కినవాళ్ళంతా బట్టల బొమ్మలు.

"కోర్టు సినిమాలో 'నేను అబద్ధం చెప్పలేదు' అని మూడుసార్లు అంటుంది. మొదటిది జడ్జికి. రెండోది మొగుడికి. మూడోది, ఎవరూ పట్టించుకోరు గానీ, తనకు తనే చెప్పుకుంటుంది."

ఆవిడ సూది పక్కన పెట్టి గబగబా రాసింది.

'మూడోది మీరు పట్టుకున్నారా?'

"పద్దెనిమిదిసార్లు చూశానండీ. పట్టుకోనా మరి?"

ఆవిడ ఆ పూట ఇంకో గుండీ కుట్టలేదు. టీవీలో ఏమీ లేకపోయినా అటే చూస్తూ కూర్చుంది.

ఒకరోజు ఆ హీరోయిన్ సినిమానే వేశారు. టైలరమ్మ రిమోటు అందుకుంది.

'ఉంచండి' అని రాసింది ఆవిడ.

"వద్దండీ. ఆమె సినిమాల్లో నాకు గిట్టనిది ఇదొక్కటే. రైల్వే ప్లాట్‌ఫాం మీద, వెళ్ళిపోయే కొడుకుని 'కన్నా, ఇటు చూడు' అని పిలుస్తుంది చూడండి, ఆ పిలుపు కోసం సినిమా అంతా కూర్చోవాలి. తీరా ఆ మాట దగ్గరకొచ్చేసరికి జీరపోయిన గొంతు. ప్రాణం లేదు. పేరొచ్చేసింది కదా, ఎలా చేసినా చూస్తారనుకుంది. మొక్కుబడిగా కానిచ్చేసింది."

'అంత బాగాలేదా?'

"అస్సలు బాగాలేదు."

ఆవిడ ఇంకేదో రాసింది. కాసేపు చూసుకుని కొట్టేసింది. ఇంకో చొక్కా బల్ల మీద పెట్టి, కాలరు కొలత చేత్తో చూపించి వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు.

మూడు వారాలకు ఇంకొకావిడ వచ్చింది. అదే ముక్కు, అదే నుదురు.

"మా అక్క ఇక్కడ చొక్కా ఇచ్చిందటండీ."

"ఎప్పుడో కుట్టేశాను. ఆవిడే రావచ్చుగా? స్టూలు ఖాళీగానే ఉంది."

"అక్క పోయిందండీ, మొన్న గురువారం. జబ్బు తిరగబెట్టింది."

మిషను ఆగింది. టైలరమ్మ చొక్కా తీసింది, మడత విప్పింది, మళ్ళీ వేసింది.

"నేను పేరైనా అడగలేదమ్మా."

"మీ గురించి మాత్రం రోజూ ఇంటికొచ్చి రాసి చూపించేది. 'నా పనిని ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇన్నాళ్ళకు దొరికింది' అని."

"ఏం పని?"

"డబ్బింగ్ చెప్పేదండీ. ఆ హీరోయిన్‌కి పదహారేళ్ళు గొంతిచ్చింది మా అక్కే. తెర మీద పేరు ఎప్పుడూ వెయ్యలేదు."

ఆడపడుచు తలెత్తి వదిన వైపు చూసి, చూడలేక దించేసుకుంది.

"మరి ఆ ప్లాట్‌ఫాం సినిమా..." అంది టైలరమ్మ. అడుగుతుండగానే జవాబు వినాలని లేదు ఆమెకు.

"వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, నోరు విప్పొద్దు అన్నాడండీ డాక్టరు. మధ్యలో గొంతు మారితే అభిమానులు బాధపడతారని, పది రోజులు గడువడిగి సినిమా అంతా చెప్పింది. మీరన్నది కూడా రాసింది. 'టైలరమ్మ మాటే నిజం, ఆ పిలుపు సరిగ్గా రాలేదు' అని."

టైలరమ్మ స్టూలు అంచు పట్టుకుంది.

"ఆ పిలుపు చెప్పి స్టూడియో నుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్ళింది" అంది చెల్లెలు, చొక్కా సంచీలో పెట్టుకుంటూ. "మా అక్క నోట వచ్చిన ఆఖరి మాట అదేనండీ."