బిరుదుల్లేని మల్లన

డైనింగ్ టేబుల్ నిండా ప్రూఫ్ కాగితాలు. ఒక పేజీలో ఒకే ఒక్క పేరు చుట్టూ ఎర్ర సున్న.

“మాస్టారూ, ఇక్కడ బిరుదులు మిస్సయ్యాయి. యాడ్ చేసేయండి,” అన్నాడు వీరభద్రరావు.

అమెరికాలో, అరోరాలో ఆ పెద్ద ఇల్లు అతనిది. పుస్తకం అచ్చు వేయిస్తున్నదీ అతనే. అందులోని దొరలు అతని పూర్వీకులు మరి.

భీమశంకర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆరువందల ఏళ్ల నాటి ఆ వంశచరిత్రను తాటాకుల మీంచి ఎత్తి రాసీ రాసీ కళ్లు సగం పోయాయి.

“మిస్సవలేదు బాబూ. పాపయ్యే రాయలేదు.”

పాపయ్య ఆ దొరల ఆస్థాన భట్టు. వాళ్ల ఉప్పు తిన్నవాడు. సంగ్రామభీమ, శత్రుహృదయశూల, శరణాగత వజ్రపంజర అని ఏకరువు పెట్టి గానీ మల్లన దొర పేరెత్తడు. దొర తుమ్మినా అంతే, దగ్గినా అంతే!

ఈ ఒక్కచోట మాత్రం ‘మల్లన కోట విడిచె’ అని ఊరుకున్నాడు.

“ఎందుకలా?”

“శత్రువులు కోటను చుట్టుముట్టారు. మల్లన దొర దొడ్డిదారిన వెళ్లిపోయాడు. జనం లోపలే ఉండిపోయారు. పారిపోయాడని రాస్తే పాపయ్యకు తల ఉండదు. అందుకని బిరుదులు మానేశాడు. పాపం, అంతకన్నా ఏం చేయగలడు?”

వీరభద్రరావు మొహం చిన్నబోయింది. లోపలి గదిలో వాళ్లమ్మ దమయంతమ్మ దగ్గుతోంది.

“అమ్మ చేత రిలీజ్ చేయిస్తున్నా మాస్టారూ. మల్లన కథలు చెబుతూనే నాకు అన్నం తినిపించింది. ఆ బిరుదులు ఆవిడకు కంఠతా వచ్చు. ఈ పేజీ దగ్గర ఆగి, ఇదేంట్రా అంటే నేనేం చెప్పను? ఒక్క లైనే కదా. ఇలాగే ఉంచుతానంటే మాత్రం... సారీ, నేను ప్రింట్ చేయించలేను.”

భీమశంకర్ గారికి కోపం రావాలి. రాలేదు.

ఈ పుస్తకాన్ని చంకన పెట్టుకుని ఏళ్ల తరబడి ఆయన తొక్కని గడప లేదు. ఇప్పుడెవరు చదువుతారండీ అన్నవాళ్లే అందరూ. ఓపిక అడుగంటిపోయింది. అచ్చులో చూసుకోకుండానే పోతానేమోనన్న బెంగ ఒకటి.

పాపయ్యకైతే తల పోతుందన్న భయం ఉంది. తనకేముంది? ఎదురుగా అల్లం టీ ఉంది.

పెన్ను తీశారు. మల్లన పేరుకు ముందు మూడు బిరుదులూ వరసగా రాశారు. చెయ్యి కాస్తయినా వణకలేదు. అందుకు ఆయనకే సిగ్గేసింది.

వీరభద్రరావు ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

“థాంక్స్ మాస్టారూ! ఇక కవర్ ఒక్కటే పెండింగ్. మీ పేరు ముందు ఏమేం వేయమంటారు? డాక్టర్, ప్రొఫెసర్... ఆ గోల్డ్ మెడల్ కూడా వేద్దామా?”

భీమశంకర్ గారు నెమ్మదిగా లేచి కోటు తొడుక్కున్నారు.

“ఏమీ వద్దు బాబూ. ఉత్త భీమశంకర్ అని వేయండి.”