సుష్మకు ఇష్టమైనవి

పెరట్లో పొయ్యి మీద నీళ్లు నులివెచ్చగా కాగాయి. శాంతమ్మ బియ్యప్పిండి రేకు ఒకటి తీసి ముంచింది. అప్పడంలా పెళపెళలాడే రేకు క్షణంలో మెత్తబడింది. దాన్ని తడిగుడ్డ మీద పరిచి, సన్నగా తరిగిన కీర, క్యారెట్, నాలుగు పుదీనా ఆకులు పెట్టి ఆగింది.

చేప ఇంకా రాలేదు.

ఆ ఇంట్లో ఆడామగా అందరి మెడలోనూ లింగం ఉంటుంది. కోడిగుడ్డు కూడా ఆ గడప తొక్కి ఎరగదు. ఏడాదికి ఒక్క రోజు మాత్రం, అదీ పెరటి వరకే, చేప వస్తుంది. పెత్తరమాస నాడు. పోయినవాళ్లకు వాళ్లు ఇష్టంగా తిన్నది వండి పెట్టే రోజది.

సుష్మకు ఇష్టమైనవి ఈ చేప రోల్స్. హైదరాబాద్‌లో హోటల్ కోర్సు చదివేటప్పుడు నేర్చుకుంది. సెలవులకు జహీరాబాద్ వచ్చినప్పుడు తల్లికి కూరగాయలతో చేసి పెట్టేది. "చేప లేకుంటే దీన్ల పాణం లేదమ్మా" అని చెవిలో చెప్పి నవ్వేది.

సుష్మ పోయి మూడేళ్లు. పొద్దున ఇంట్లో తిరిగిన పిల్ల మాపటికి లేదు. తండ్రి సంగప్ప చుక్క కన్నీరు పెట్టలేదు. నెత్తిన రెండు బిందెల నీళ్లు పోసుకుని, గోడ మీది ఫొటోకు దండ వేసి, అల్లం మండీకి వెళ్లిపోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. సంగప్ప దగ్గర ఆ సామెత కూడా చెల్లలేదు. బిడ్డ గురించి ఒక్క మంచిమాట ఎవరూ ఎత్తకూడదు. కట్టుకున్నవాడి ముందు కన్నబిడ్డ కోసం ఏడ్వడానికి కూడా లేకపోతే తల్లి కడుపు ఎంత రగులుతుందో చెప్పడం ఎవరి తరం? శాంతమ్మ మూడేళ్లుగా అలాగే కుమిలిపోతోంది.

మొదటి ఏడు ఆమె మొగుణ్ని ఒక్కటే అడిగింది. "పోయినోళ్లకు ఇష్టమైంది పెట్టకుంటే ఇంటికి ఉసురు తగుల్తది."

దేవుడికి భయపడని మనిషైనా పెత్తరమాసకు భయపడతాడు. "ఇంట్లకు తేవద్దు. ఊరు దాటినంక పెట్టి రా" అన్నాడు సంగప్ప చివరికి. ఝరాసంగం తోవలో వాళ్ల కంది చేను ఉంది. అప్పటినుంచి ఏటా అటే బయలుదేరుతుంది శాంతమ్మ.

పక్కింటి షబ్నం కొంగు చాటున గిన్నెతో వచ్చింది. కొర్రమీను ఆమె ఇంట్లోనే ఉడికింది.

"జర అల్లం ఏసి ఆవిరి మీద పెట్టిన. ముల్లు ఒక్కటి లేదక్కా, ఫికర్ చెయ్యకు."

అయినా శాంతమ్మ ఒక్కో ముక్కా చిదిపి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ముట్టని నీసు. ఇప్పుడు అలవాటైపోయింది. ముక్కలు పేర్చి, రెండు వైపులా మడిచి, బిగించి చుట్టింది. పల్చని రేకులోంచి పుదీనా పచ్చగా కనిపించింది.

సంగప్ప పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. షబ్నం మెల్లగా జారుకుంది.

"కాకులు తినేదానికి ముండ్లు ఏరుడెందుకు?" అన్నాడు.

"బిడ్డకని చేస్తున్న. చెయ్యి ఊకోదు."

"మరి గంత తొందరేంది?"

"ఇవి ఆరితే తోలు లెక్క సాగుతయి. తడి మీద తినాలె."

"పోయినోళ్లకు తడేంది, పొడేంది" అని గొణిగి, అసలు మాట చెప్పాడు. "ఇదే ఆఖరు. మన ఇంట్ల నీసు వాసనొస్తున్నదని మండీల అంటున్నరు. వచ్చే ఏడు గిది నడువది."

శాంతమ్మ చేతిలో రేకు చిరిగిపోయింది. ఏడాది పొడుగునా ఆమె ఈ ఒక్క రోజు కోసమే బతుకు ఈడ్చుకొస్తోంది. ఇది కూడా లేకపోతే ఇక ఏ పండగకు తల దువ్వుకోవాలో ఆమెకు తెలియలేదు.

"నేనున్నన్ని రోజులు పెట్టనియ్యి. నేను పోయినంక ఎట్లాగూ ఎవ్వరూ పెట్టరు."

"చెప్పిన గద" అని అతను లోపలికి వెళ్లిపోయాడు.

శాంతమ్మ రోల్స్ మీద తడిగుడ్డ కప్పి, పక్కన పల్లి చట్నీ పెట్టి డబ్బా మూసింది. సంచి పట్టుకుని షేర్ ఆటో ఎక్కింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆమె ఒడిలోని సంచి చూసి పక్కనున్న ముసలామె మెల్లగా అడిగింది. "ఎవరికి పెట్టను పోతున్నవమ్మా?"

"నా బిడ్డకు."

ముసలామె కొంచెం జరిగి చోటిచ్చింది.

కంది చేను వచ్చింది, పోయింది. శాంతమ్మ ఆటో ఆపమనలేదు. ఝరాసంగంలో దిగి, కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని, ఊరి చివరకు గబగబా నడిచింది.

ఆఖరి ఇంటి తలుపు తీసిన సుష్మ మెడలో లింగం లేదు, నల్లపూసలున్నాయి. తల్లి చేతిలోంచి సంచి అందుకుంటూ అడిగింది: "నాయిన లెక్కల నేనింకా సచ్చినట్టేనా, అమ్మా?"