గోలీలా, నడకా?

నల్గొండ దవాఖానలో డాక్టరు భిక్షానికి ఖరాఖండిగా చెప్పాడు. "నీ నెత్తురులో కొవ్వు ఎక్కువైంది. రోజూ నాలుగు మైళ్లు నడువు. లేదంటే గోలీలు మింగు."

"నలబై ఏండ్లు గొర్ల ఎంట నడిశిన సారూ. ఇగ నాతోని గాదు. గోలీలే ఇయ్యి."

ఇంటికొచ్చి గోలీల సీసా భార్య గుర్వమ్మకిచ్చాడు. "ఉత్తగ గొంతు దిగయి. పొద్దుగాల తాగే జొన్న గట్కల నూరి కలుపు."

మర్నాటి నుంచి ఏం మాయరోగమో, తెల్లారేసరికి మందలోని పెద్ద పొట్టేలు కట్టు విడిపించుకుని గుట్టకు పారిపోయేది. పెంచినవాడి కూతకు తప్ప అది ఎవరికీ చిక్కదు. తిట్టుకుంటూ భిక్షమే ఉరికేవాడు.

మూడు నెలలకు డాక్టరు కొవ్వు దిగిందన్నాడు.

భిక్షం మీసం తిప్పుకుంటూ ఇంటికొచ్చాడు. "సూశినవా గోలీల తడాఖా! ఇయ్యాల గా దొంగ పొట్టేలును కోస్త."

గుర్వమ్మ అడ్డం నిలబడింది. "దాన్నేమనకు. నువ్వు నడువాలెనని రోజూ తాడు ఇప్పింది నేనే."

"మరి నా గోలీలు?"

"కొత్త మందాయె. నీకేమన్నయితదేమోనని భయమై, గోలీలన్ని దాని కుడితిలనే ఏసిన. గిప్పుడు దాని ఒంట్ల పిడికెడు కొవ్వు లేదు. గా ఉత్త బొక్కలు కోసుకొని ఏం తింటవ్?"