రెండో రింగు

రాత్రి ఒంటిగంటకు కాల్ కట్టయింది.

కాసేపు వాడకపోతే ఆ ఇంట్లో నెట్ పోతోంది. పొద్దున డ్యూటీ వేళకు ఇంకొక్కసారి నెట్ లేకపోతే, ఇంటి నుంచే పనిచేసే ఆమె ఉద్యోగం ఊడుతుంది. "రెండు ఫోన్ల మధ్య నెట్ కాల్ కలిపి రాత్రంతా వదిలెయ్యండక్కా, ఇక పోదు," అన్నాడు మెకానిక్.

రెండో ఫోన్ చనిపోయిన భర్తది. "బతికినన్నాళ్ళూ నేను చేస్తే రెండో రింగుకే కట్ చేసేవాడు, మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు. ఇప్పుడన్నా లైన్లో ఉంటాడులే," అంది. దాన్ని ఆయన గదిలో ఛార్జింగుకు పెట్టి, కాల్ కలిపి, గదికి తాళం వేసింది.

ఇప్పుడు లేచి రౌటర్ చూసింది. పచ్చ లైటు వెలుగుతోంది. నెట్ పోలేదు. గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. తలుపుకు చెవి ఆనించి మళ్ళీ కాల్ చేసింది.

లోపల ఒకసారి మోగింది. రెండో రింగు మధ్యలో కట్టయింది.