ఎదురు బాణం

"సిడ్నీలో జాబా? నా పర్మిషన్ లేకుండా గడప దాటవు," అన్నాడు వాసుదేవరావు మెల్‌బోర్న్‌లోని తమ ఇంట్లో, కొత్తగా కొన్న పాత మిలిటరీ రైఫిల్ని నూనెగుడ్డతో తుడుస్తూ.

"ఇనుము మీద ఈ బాణం గుర్తేంటండీ?" అడిగింది భార్య జ్ఞానప్రసూన.

"ఫ్యాక్టరీ ముద్ర. గవర్నమెంటు ప్రాపర్టీ అని. ఎవడి చేతిలో ఉన్నా గవర్నమెంటుదే."

"దానికి ఎదురుగా, మొనకి మొన తగిలేలా ఇంకో బాణం ఉందే?"

"అది అమ్మేశాక కొడతారు. ఇక దీనిమీద గవర్నమెంటుకి హక్కు లేదని."

"మరి మొదటిది చెరిపెయ్యరా?"

"ఎందుకే పిచ్చిదానా? ఎదురుగా రెండోది ఉంటే చాలు."

మర్నాటి సాయంత్రం ఆమె సిడ్నీ బస్సెక్కింది. పెళ్ళైన కొత్తలో ముంజేతి మీద పొడిపించిన అతని పేరు పచ్చబొట్టు అలాగే ఉంది. దానికి ఎదురుగా, ఇంకా వాపు తగ్గని అక్షరాల్లో, తన పేరు.