బ్లెస్సీ డబ్బా

డబ్బాలో మళ్లీ అన్నీ ఆడవే.

శ్రీలలిత మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే బ్లెస్సీ నవ్వుమొహం చూడాలి.

కంకిపాడులోని ఆ చిన్న ల్యాబులో ఇద్దరిదీ ఒకటే పని. ఆవగింజలో సగం కూడా లేని కందిరీగల్ని డబ్బాల్లో పెంచి, వాటి గుడ్లను కార్డుల మీద అంటించి వరిపొలాలకు పంపడం. ఆడ కందిరీగ పైరు తొలిచే పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తుంది. మగది దండగ.

శ్రీలలిత డబ్బాలో సగం దండగే. బ్లెస్సీ డబ్బాలో ఒక్క మగపురుగు పుట్టదు. తల్లి నుంచి పిల్లలకొచ్చే ఏదో బ్యాక్టీరియా మహిమట. మహిమ బ్యాక్టీరియాది, పేరు బ్లెస్సీది! రైతులు కూడా "బ్లెస్సీ కార్డులున్నాయా అమ్మా?" అని వచ్చి శ్రీలలితనే అడుగుతారు. ఒళ్లు మండదూ?

పైగా నెలాఖరు తర్వాత ఇద్దరిలో ఒకరినే ఉంచుతారట. "మంచి డబ్బా ఎవరిదైతే వాళ్లే," అన్నారు విశ్వేశ్వర్ సార్.

బ్యాక్టీరియా గుట్టు విప్పింది కూడా బ్లెస్సీయే, క్యారేజీ విప్పుతూ.

"యాంటీబయాటిక్ తగిలితే చచ్చిపోద్దంటక్కా. మళ్లీ మగవి పుట్టేస్తాయంట. కాస్త పప్పేసుకో."

ఆ సాయంత్రం విజయవాడలో బస్సు దిగి, శ్రీలలిత మందుల షాపుకి వెళ్లింది. మర్నాడు బ్లెస్సీ ఏదో పనుందని బందరు పోయింది. శ్రీలలిత క్యాప్సూల్ విప్పి, పొడిని కందిరీగల తేనెలో కలిపి, బ్లెస్సీ డబ్బాలో చుక్కలు చుక్కలుగా పెట్టింది.

రెండు వారాలకి కొత్త పురుగులు లేచాయి. సార్ స్వయంగా లెక్కపెట్టారు.

"నూటికి నలభై మగవి! ఈ డబ్బా కూడా పోయాక ఇంకెవర్నీ ఉంచలేనమ్మా," అన్నారు శ్రీలలితనే జాలిగా చూస్తూ.

తన వైపు చూస్తారేమిటి, పోయింది బ్లెస్సీ డబ్బా కదా అనుకుంది శ్రీలలిత. ఉద్యోగం పోయిందన్న దిగులు కూడా అంతగా తగల్లేదు. తనకి దక్కకపోతే పోయె, బ్లెస్సీకీ దక్కలేదు. మూల నిలబడి బ్లెస్సీ ఏడుస్తుంటే కడుపు చల్లబడింది.

దగ్గరికెళ్లి భుజం తట్టింది. "ఊరుకో. చదువుకున్నదానివి, నీకేం తక్కువ? ఇంకోటి దొరుకుద్దిలే."

"నా గురించి కాదక్కా," వెక్కుతూ అంది బ్లెస్సీ, "నాకు బందర్లో బీఎడ్ సీటొచ్చింది, చేరి వచ్చిన రోజే ఆ డబ్బా నీ పేరున రాయమని సార్‌కి చెప్పేశాను."