పసుపు ట్యూబు

"పిల్లాడేడే?"

పుచ్చకాయ కోస్తున్న అత్తగారి కత్తి మధ్యలోనే ఆగిపోయింది. సెహ్వా ఫోన్లోంచి తలెత్తింది. నీలం టోపీ పెట్టుకుని, నడుముకి పసుపు ట్యూబుతో గొడుగు ముందు ఇసుకలో గుంట తవ్వుకుంటూ కూర్చున్న కొడుకు ఉజిన్ అక్కడ లేడు.

"ఇక్కడే ఉన్నాడత్తయ్యా. ఇందాకే చూశాను."

"ఇందాకంటే? ఆ ఫోన్లో దూరకముందా?"

సముద్రతీరపు ఊరైన సొక్చోలో దిగినప్పటి నుంచీ ఇదే వరస. చేపల పులుసులో కారం ఎక్కువైందని ఒకసారి, పిల్లాడికి నూనె రాయలేదని ఇంకోసారి బున్‌రే కోడల్ని సాధిస్తూనే ఉంది. మూడు తరాలవాళ్ళం కలిసి సముద్రపొడ్డున హాయిగా గడుపుదామని ముచ్చటపడిన భర్త గ్యుతే మాత్రం ముఖం మీద టోపీ వేసుకుని చాప మీద గుర్రు పెడుతున్నాడు. మామగారేమో మోకాళ్ళ నొప్పులంటూ బసలోనే పడుకున్నారు.

సెహ్వా లేచి నీళ్ళ దాకా పరుగెత్తింది. ఒడ్డంతా పిల్లలే. అందరి నడుముకీ అద్దె దుకాణంలో ఇచ్చే పసుపు ట్యూబులే. ఒక్కో ముఖాన్నీ వెతుక్కుంటూ అటు చివరి దాకా వెళ్ళి వచ్చింది. ఎక్కడా లేడు.

అప్పుడు కనిపించింది. ఈతగాళ్ళకి హద్దుగా కట్టిన తాడుకి అవతల, చాలా దూరంలో, ఒంటరిగా ఒక పసుపు ట్యూబు. అందులో నీలం టోపీ. గాలి నేల మీంచి సముద్రంలోకి తోస్తోంది. చూస్తూండగానే ట్యూబు ఇంకాస్త చిన్నదైపోయింది.

"ఉజిన్!"

ఆ కేకకి గ్యుతే ఉలిక్కిపడి లేచాడు. భార్య చెయ్యి చూపించిన వైపు చూసి, ఒక్క మాటైనా అనకుండా ఈతగాళ్ళని కాపాడే రక్షకుల మంచె వైపు పరుగు తీశాడు. అది ఒడ్డుకి ఆ కొసన ఉంది. సెహ్వా మోకాళ్ళ లోతు నీళ్ళలోకి పోయి నిలబడిపోయింది. ఆమెకి ఈత రాదు. అల వచ్చి నడుముకి కొడితే వెనక్కి పడబోయింది.

ఎవరో జబ్బ పట్టుకుని పక్కకి లాగేశారు.

"అడ్డు లే."

బున్‌రే. వదులు పంట్లాం, పూల చొక్కా, వాటితోనే నీళ్ళలోకి నడిచింది. తలమీది ఎండటోపీ అల మీద తేలిపోయింది. రొమ్ముల లోతు వచ్చాక ఒక్కసారి మునిగి, ఆ పక్కన తేలి, బారలు వేస్తూ ఈదుకుంటూ సాగిపోయింది. అత్తగారికి ఈత వచ్చని సెహ్వాకి ఆ క్షణం దాకా తెలియదు.

"పెద్దావిడ! ఎవరైనా ఆపండి!" అని ఎవరో అరిచారు.

నెరిసిన తల తాడు దాటింది. ఒక అల వెనక మాయమైంది. మళ్ళీ తేలింది. సెహ్వా ఊపిరి బిగబట్టింది. వాడికేమీ కాకూడదు. ఆవిడకీ ఏమీ కాకూడదు. పొద్దున కారం గురించి అన్న మాటకి తను విసురుగా గిన్నె ఎత్తి పెట్టడం గుర్తొచ్చి ఏడుపు పొంగుకొచ్చింది.

నెరిసిన తలా, పసుపు ట్యూబూ ఒకటయ్యాయి.

ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు. అప్పటికి రక్షకుల పడవ హోరుమంటూ వెళ్ళి వాళ్ళిద్దర్నీ పైకి లాక్కుంది. లోతు తక్కువ నీళ్ళ దాకా వచ్చి బున్‌రేని దింపి, ఆగకుండా గిర్రున తిరిగి మళ్ళీ సముద్రంలోకే దూసుకుపోయింది. ఎందుకో సెహ్వాకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. అత్తగారు తూలుతూ వస్తోంది. పిల్లాడు ఆవిడ మెడని రెండు చేతులా కరుచుకుని భుజంలో ముఖం దాచుకున్నాడు.

"నాన్నా! నా తండ్రీ!" సెహ్వా వాణ్ణి లాక్కుని గుండెలకి హత్తుకుంది. తడి జుట్టు వెనక్కి తోసి ముద్దు పెట్టుకోబోయింది.

ఎవరో పిల్లాడు.

గుండ్రటి ముఖం, ముందు పన్ను ఊడిన బోసి నోరు. వెక్కుతూ ఆమె మెడనే పట్టుకుని "అమ్మా" అంటున్నాడు.

సెహ్వా అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా... వీడు... వీడు మనవాడు కాదు."

"తెలుసు."

"తెలుసా?"

"దగ్గరికెళ్ళగానే తెలిసింది." బున్‌రే పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకలాడుతున్నాయి. "చుట్టూ చూశా. పిలిచా. మనవాడు ఎక్కడా కనపళ్ళేదు. వీడేమో మెడ పట్టేసుకున్నాడు. ఎలా వదిలి రమ్మంటావే? ఎవరో కన్న బిడ్డ కదా! పడవ వాళ్ళకి చెప్పా, ఇంకొకడున్నాడు వెతకమని."

సెహ్వా చంకలో పరాయి బిడ్డ వెచ్చగా ఊపిరి పీలుస్తున్నాడు.

బున్‌రే కళ్ళలోని ఉప్పు నీళ్ళు మోచేత్తో తుడుచుకుంది. "వాణ్ణి గట్టిగా పట్టుకో. వాళ్ళమ్మ వచ్చేదాకా దించకు," అని మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. కాళ్ళు వణుకుతున్నాయి. మోకాళ్ళ లోతు వచ్చాక ఒకసారి కూలబడి, చేతులు ఆన్చి లేచి, ఇంకో అడుగు వేసింది.

"వద్దత్తయ్యా! చచ్చిపోతారు! అత్తయ్యా!"

ఆవిడ వెనక్కి చూడలేదు.

అప్పుడు సెహ్వా వెనక నుంచి, ఎప్పుడు బసలోంచి వచ్చి తీసుకెళ్ళారో, ఆ తాతగారి వేలు పట్టుకుని, నోటి నిండా ఉడికిన మొక్కజొన్న గింజలతో ఉజిన్ కేకేశాడు:

"నానమ్మా! బట్టలతోనే ఈతకెళ్తున్నావేంటి?"